గడువు తీరిన ట్యాబ్ – గ్రంథాలయ ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



పుస్తకము ముసలిదగుట గ్రంథాలయమునకు క్రొత్త సంగతి కాదు. కుట్టు వదలిన పుస్తకమునకు మరల కుట్టు వేయించుట, అట్ట యూడినదానికి అట్ట కట్టించుట, చెదపట్టిన బీరువాను ఎండలో పెట్టించుట గ్రంథపాలకుని నిత్యకృత్యములు. ఏబదియేండ్లనాటి పుస్తకము కాగితము పసుపుబారినను చదువుటకు అడ్డురాదు. కాని యిప్పుడు ఇండ్లలో మరియొక విధమగు ముసలి వస్తువు పేరుకొనుచున్నది. దానికి చెద పట్టలేదు; అట్ట యూడలేదు; అద్దము పగులలేదు. మీట నొక్కినచో వెలుగును. అయినను ఇంటివారు "ఇది పనికిరాదు" అని దానిని అటకపై పెట్టిరి. అదియే పాత ట్యాబ్. వయస్సు చూడబోయిన ఐదారేండ్లు.

ఇది ఇండ్లలోనికి వచ్చిన తీరు అందరెరిగినదే. కరోనా వ్యాధి మూలమున బడులు మూతపడిన 2020వ సంవత్సరమున, సెప్టెంబరు 1వ తేదీ నుండి తెలంగాణలో పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా నడచినవి. ఇంటిలో టీవీ యొక్కటి, పిల్లలు ముగ్గురు, తరగతులు మూడు. ఏమి చేయుదురు? కందులమ్మి దాచుకొన్న డబ్బు తీసి ఫోనో ట్యాబో కొన్నవారు కలరు. బడులు తెరచినారు. పిల్లవాడు పదవ తరగతి దాటి తాండూరులోనో వికారాబాదులోనో కళాశాలలో చేరినాడు. ట్యాబ్ ఇంటిలో మిగిలినది. ఒకనాడు తండ్రి దానిని తీసి ఏదో యాప్ దింపుకొనబోగా "మీ పరికరము ఈ వెర్షనుకు సరిపడదు" అను మాట తెరపై కనబడినది. సాఫ్ట్‌వేర్ అప్‌డేటు కొరకు వెదకగా "మీ సాఫ్ట్‌వేర్ తాజాగా నున్నది" అని జవాబు వచ్చినది. ఈ రెండవ మాటయే మోసకరమైనది. తాజాగా నున్నదనగా, ఆ కంపెనీ ఇచ్చిన కడపటి అప్‌డేటు ఇందులో చేరియున్నదని మాత్రమే యర్థము. ఆ కడపటిది మూడేండ్ల క్రిందటిది కావచ్చును.

ఈ ప్రాంతపు వృద్ధులకు హాలి సిక్కా జ్ఞాపకముండును. నిజాము రాజ్యమున చెల్లిన ఆ రూపాయలు ఏడిచ్చినచో కల్దారు రూపాయలు ఆరు వచ్చెడివి. 1959లో హాలి చలామణి ముగిసినది. ఆ తరువాత పెట్టెలోని నాణెమున వెండి గురిగింజయెత్తైనను తగ్గలేదు. కాని అంగడివాడు దానిని పుచ్చుకొనలేదు. అప్‌డేట్ నిలిచిన ట్యాబ్ స్థితియు ఇట్టిదే. అయితే ఒక్క భేదము కలదు. చెల్లని నాణెము పెట్టెలో నున్నంతకాలము ఎవరికిని హాని చేయదు. చెల్లని ట్యాబ్ ఇంటర్నెట్టునకు తగిలించియున్నచో హాని చేయగలదు.

అది యెట్లో చూడవలెను. ట్యాబును నడుపు మూల సాఫ్ట్‌వేరునకు ఆండ్రాయిడ్ అని పేరు. లక్షలాది పంక్తులుగా మనుష్యులు వ్రాసిన వ్రాతయది. మనుష్యుల వ్రాతలో తప్పులుండును. ఆ తప్పులను కనిపెట్టి వాని సందులనుండి లోనికి దూరువారును ఉందురు. 2015 జూలైలో స్టేజ్‌ఫ్రైట్ అను దోషము బయటపడినది. వీడియోలను ఆడించు భాగములోని యీ లోపము మూలమున, కుట్రతో తయారుచేసిన యొక సందేశమును పంపి ఇతరుల యంత్రమును స్వాధీనపరచుకొను వీలు కలిగినది. ఆండ్రాయిడ్ 2.2 మొదలు అప్పటివరకు వచ్చిన యంత్రములన్నియు దాని పాలబడునవే. అది చూచి గూగుల్ వారు 2015 ఆగస్టు నుండి నెలనెల రక్షణ సవరణలు ప్రకటింప నారంభించిరి. వానిని అందుకొన్న యంత్రములకు ఆ సందు పూడినది. తయారీదారులు అప్పటికే విడిచిపెట్టిన యంత్రములకు పూడలేదు. ఎన్నడును పూడదు.

ఆ తయారీదారులు ఏల విడిచిపెట్టుదురు? కేవలము దురాశయే కారణమని అనుట తేలిక గాని, అది సగము నిజము. ట్యాబ్ లోపలి చిప్పును చేయువారొకరు, ట్యాబును చేయువారొకరు, ఆండ్రాయిడును వ్రాయువారు మరియొకరు. గూగుల్ క్రొత్త వ్రాతను విడుదల చేసినప్పుడెల్ల చిప్పు చేసినవారు తమ భాగమును దానికి తగునట్లు సవరింపవలెను. పిదప ట్యాబ్ కంపెనీ ఆ నమూనాకు ప్రత్యేకముగా కూర్చి పరీక్షింపవలెను. అమ్మకము ముగిసిన నమూనాపై ఈ శ్రమ యంతయు ఖర్చే. చిప్పువారు మానుకొన్నచో ట్యాబ్ కంపెనీకి ఇష్టమున్నను చేయుట కష్టము. ఇక మిగిలిన సగమునకు క్షమాపణ లేదు: అమ్మునాడు ఈ గడువు సంగతి కొనువానికి చెప్పకపోవుట.

ఈ విషయమున హైదరాబాదుతో ముడిపడిన యొక చరిత్ర కలదు. అది కొంత వివరముగా చెప్పుకొనదగినది.

2011 అక్టోబరు 5వ తేదీన ఢిల్లీలో కేంద్ర మానవ వనరుల శాఖామాత్యులు శ్రీ కపిల్ సిబల్ "ఆకాశ్" అను ట్యాబును దేశమునకు ప్రదర్శించిరి. డేటావిండ్ అను సంస్థ దీనిని రూపొందించినది. యంత్రముల కూర్పు జరిగినది హైదరాబాదులో. ప్రభుత్వము చెల్లించు వెల సుమారు 2,276 రూపాయలు. ఏడంగుళముల తెర, 256 ఎంబీల జ్ఞాపకశక్తి, 366 మెగాహెర్‌ట్జ్ వేగము. ప్రపంచములోకెల్ల చౌక ట్యాబని పత్రికలు వ్రాసినవి. పేద విద్యార్థి చేతికి గ్రంథాలయమంతయు వచ్చునని పెద్దలు ఆశించిరి. ఆ యాశ నిజమైనది. దానిని పరిహసించుట తగదు.

కాని ఆ యంత్రములో పెట్టిన ఆండ్రాయిడ్ 2.2. అది 2010 మే నెలలో వెలువడినది. ఫోనుల కొరకు వ్రాసినదే గాని ట్యాబుల కొరకు వ్రాసినది కాదు. ఢిల్లీ సభ జరిగిన రెండు వారములకు, అదే అక్టోబరు 19వ తేదీన, హాంకాంగులో ఆండ్రాయిడ్ 4.0 ప్రకటింపబడినది. పిల్లవాడు ఆకాశమును చేతబట్టిన నెలలోనే ఆకాశము పాతబడినదన్నమాట. మరుసటి సంవత్సరము నవంబరు 11వ తేదీన రాష్ట్రపతి శ్రీ ప్రణబ్ ముఖర్జీ "ఆకాశ్ 2"ను విడుదల చేసిరి. అందులో 512 ఎంబీల జ్ఞాపకశక్తి, ఆండ్రాయిడ్ 4.0. మొదటిదానికంటె ఎన్నో రెట్లు మేలు. అయినను 2018 డిసెంబరులో గూగుల్ వారు ఆండ్రాయిడ్ 4.0నకు తమ ప్లే సేవల క్రొత్త కూర్పులు ఇక రావని ప్రకటించిరి. 2021 సెప్టెంబరు 27 నుండి ఆండ్రాయిడ్ 2.3.7, అంతకు పూర్వపు యంత్రములలో గూగుల్ ఖాతాలోనికి ప్రవేశించుటయే నిలిచిపోయినది. వెల తగ్గించుటకు మేధావులు పడిన శ్రమలో పదియవ వంతు, ఈ యంత్రమును ఐదేండ్ల తరువాత ఎవరు చూతురను ప్రశ్నపై పెట్టియున్నచో కథ వేరుగా నుండెడిది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 డిసెంబరు 21న ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలకును, ఉపాధ్యాయులకును ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచుట కారంభించినది. అందు బైజూస్ వారి పాఠములను నింపి యిచ్చిరి. ఆ పాఠముల సంస్థ 2024 జూలై 16న దివాలా విచారణలోనికి పోయినది. ఇచట గమనింపవలసినది ఒక్కటే. పాఠము యంత్రములోపలనే నిండియున్నచో, కంపెనీ యున్నను పోయినను పిల్లవాడు దానిని చదువుకొనగలడు. పాఠము కంపెనీవారి యింటనే యుండి, ప్రతిదినము తలుపు తట్టి తెచ్చుకొనవలసినదైనచో, తలుపు మూసిన నాడు చదువు ఆగును. గడువు తీరిన ట్యాబును ఏమి చేయవలెనను ప్రశ్నకు సమాధానము దాదాపుగా ఇందులోనే యున్నది.

ఇక ఇంటివారు చేయదగిన పనులు. అటకపైనుండి దింపిన ట్యాబ్ ఏ వెబ్‌సైటును తెరువక "ఈ సంబంధము సురక్షితము కాదు" అని మొరాయించినచో, మొట్టమొదట చూడవలసినది తేదీ. చాలకాలము బ్యాటరీ అడుగంటి పడియున్న యంత్రము తన తేదీని మరచి 1970లోనికి పోవుట కలదు. వెబ్‌సైటులు చూపు ముద్రాపత్రములకు ఆరంభ దినము, ముగింపు దినము ఉండును. 1970లో నున్నాననుకొను యంత్రమునకు నేటి ముద్రలన్నియు దొంగముద్రలుగా తోచును. తేదీ సరిచేసిన మాత్రమున బాగైన యంత్రములను పాడైనవని తూకమునకు వేసినవారు కలరు. తేదీ సరియైనను తెరువకున్నచో లోపము మరింత లోతైనది. ఏ ముద్రలను నమ్మవలెనో తెలుపు పట్టిక యంత్రములోనే యుండును. ఆ పట్టికకు గూడ కాలపరిమితి కలదు. కోట్లాది వెబ్‌సైటులకు ఉచితముగా ముద్రలిచ్చు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ నమ్ముకొన్న పాత మూలముద్రకు 2021 సెప్టెంబరు 30తో గడువు తీరినది. క్రొత్త మూలముద్ర ఆండ్రాయిడ్ 7.1.1నకు పూర్వపు యంత్రముల పట్టికలో లేదు. ప్రత్యేకమైన యేర్పాటుతో 2024 సెప్టెంబరు వరకు నెట్టుకొని వచ్చిరి. ఆపైన అదియు ఆగినది. ఫైర్‌ఫాక్స్ అను బ్రౌజరు తన పట్టికను తానే మోయును గనుక కొన్ని యంత్రములకు అది ఊతకర్ర. దానికిని హద్దు కలదు; మరీ పాత ఆండ్రాయిడులలో దాని క్రొత్త కూర్పు దిగదు.

రెండవది, యంత్రము వయస్సు తెలిసికొనుట. సెట్టింగులలో "ట్యాబ్లెట్ గురించి" అనుచోట ఆండ్రాయిడ్ సంఖ్యయు, సెక్యూరిటీ ప్యాచ్ తేదీయు ఉండును. మందుసీసాపై తేదీ చూచినట్లు ఈ తేదీని చూడవలెను. అది ఏడాది దాటి వెనుకబడియున్నచో ఆ యంత్రమునుండి డబ్బు సంగతులను తొలగింపవలెను. బ్యాంకు యాపులు, యూపీఐ చెల్లింపులు, బ్యాంకు రహస్యసంఖ్యలు వచ్చు సిమ్ము, ఆధార్ నకళ్ళు – ఇవి యేవియు అందులో ఉండరాదు. "ఇన్నాళ్ళు ఏమియు కాలేదు గదా" యని కొందరందురు. గొళ్ళెము లేని యింటిలో దొంగ పడని రాత్రులు ఎన్నియైనను ఉండవచ్చును. ఒకవేళ డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 అను సైబరు సహాయ సంఖ్యకు ఫోను చేయవలెను. గడియలు గడచినకొలది పోయిన సొమ్మును నిలుపుట కష్టమగును.

మూడవది, ట్యాబును ఇతరులకిచ్చునపుడు చాలమంది చేయు పొరపాటు. ఛాయాచిత్రములను వేరొకచోట దాచుకొని, మెమరీ కార్డును సిమ్మును తీసి, యంత్రమును ఫ్యాక్టరీ రీసెట్ చేయవలెను. కాని అంతకు ముందే గూగుల్ ఖాతాను తొలగింపవలెను. అట్లు చేయక రీసెట్ చేసినచో, ఆండ్రాయిడ్ 5.1 నుండి వచ్చిన యంత్రములు చాలవరకు పాత యజమాని పాస్‌వర్డు చెప్పినగాని తెరచుకొనవు. దొంగలను ఆపుటకు పెట్టిన యేర్పాటది. పాస్‌వర్డు మరచిన దాతకు అదియే శిక్ష యగును.

కంపెనీ విడిచిన యంత్రమునకు బయటి యువకులు కూర్చిన ఆండ్రాయిడును ఎక్కించు మార్గమొకటి కలదు. 2016 డిసెంబరున సయనోజన్‌మాడ్ అను ప్రయత్నము ఆగిపోగా, దాని వారసత్వముగా లీనియేజ్ ఓఎస్ బయలుదేరినది. అది స్వచ్ఛందముగా నడచు గొప్ప కృషి. అయితే అన్ని నమూనాలకు అది లభింపదు; చౌక ట్యాబులకు మరియు అరుదు; ఎక్కించుటలో పొరపాటు జరిగినచో యంత్రము ఇటుకవలె పడియుండును. కంప్యూటరు విద్య నేర్చిన యువకుడు తన సొంత యంత్రముపై ప్రయత్నించినచో మేలే. పొరుగువారి యంత్రముపై నేర్చుకొనుట మంగలి క్రొత్తకత్తితో ఇతరుల తలలపై సాధన చేయుట వంటిది.

ఇప్పుడు గ్రంథాలయము మాట. ఇంటర్నెట్టుతో పనిలేని ట్యాబునకు శత్రువులు తక్కువ. వై-ఫై కట్టివేసి, ఖాతాలన్నియు తీసివేసి, పుస్తకములను మాత్రము నింపిన ట్యాబ్, వెలుగు గల బీరువా యగును. పదునారు జీబీల కార్డులో వందలకొలది పుస్తకములు పట్టును. ఏ పుస్తకములు? భారతదేశమున రచయిత మరణించిన తరువాత అరువది సంవత్సరములు గడచినచో ఆ రచనలు అందరి సొత్తగును. 1915లో గతించిన గురజాడ అప్పారావు, 1919లో గతించిన కందుకూరి వీరేశలింగము రచనలు ఎప్పుడో అందరి సొత్తైనవి. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లాలో చేరువరకు దౌల్తాబాదు పాలమూరు జిల్లాలోనిదే గదా. ఆ పాలమూరు గడ్డపై పుట్టి, గోలకొండ పత్రికను నడిపిన సురవరం ప్రతాపరెడ్డి 1953లో స్వర్గస్థులైరి. సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొదటి బహుమానమును 1955లో పొందిన వారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" గూడ ఇప్పుడు స్వేచ్ఛగా పంచుకొనదగినదే. జీవించియున్న రచయితల పుస్తకములను మాత్రము అనుమతి లేక నింపరాదు. గ్రంథాలయమే ఆ పని చేసినచో పుస్తకము వ్రాయువాడెవడు?

ఇట్టి పాత పుస్తకములు ఎచట దొరకుననగా, భారత డిజిటల్ గ్రంథాలయ మను ప్రభుత్వ ప్రయత్నమున లక్షలాది పుస్తకముల పుటలు ఛాయలుగా తీయబడినవి. ఆ వెబ్‌సైటు తరువాత మూతపడినది. కాని అంతకుముందే ఇతరులు నకళ్ళు తీసి ఇంటర్నెట్ ఆర్కైవులో పదిలపరచినందున ఆ పుస్తకములు నేటికిని లభించుచున్నవి. పుట ఛాయగా నున్న పీడీఎఫ్ పుస్తకమునకు మరియొక మేలు కలదు. మరీ పాత యంత్రములలో తెలుగు అక్షరములకు బదులు గడులు కనబడవచ్చును, ఒత్తులు చెదరవచ్చును. పుట బొమ్మగా నున్నప్పుడు ఆ చిక్కు లేదు. 2003 డిసెంబరు 10న ప్రారంభమైన తెలుగు వికీపీడియాను గూడ కివిక్స్ అను సాధనముతో మొత్తముగా దింపి, ఇంటర్నెట్టు లేకయే చదువవచ్చును. దింపు పని క్రొత్త కంప్యూటరుపై చేసి, కార్డు ద్వారా పాత ట్యాబులోనికి ఎక్కింపవలెను. పాత ట్యాబును ఆ పనికై ఇంటర్నెట్టులోనికి పంపనక్కరలేదు.

బ్యాటరీ విషయమున గ్రంథపాలకుడు జాగరూకుడై యుండవలెను. రాత్రింబవళ్ళు ఛార్జరునకు తగిలించి యుంచరాదు, పూర్తిగా అడుగంటనీయరాదు, వేసవిలో కిటికీ యెండలో పెట్టరాదు. వెనుక మూత ఉబ్బినట్లు కనబడిన క్షణముననే వాడుక మానవలెను. దానిని గ్రుచ్చరాదు, నొక్కరాదు, చెత్తకుప్పపై వేయరాదు. లిథియము మండినచో ఆర్పుట కష్టము. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఇ-వ్యర్థముల నిబంధనల ప్రకారము, ఇట్టి యంత్రముల పునశ్శుద్ధి బాధ్యత తయారీదారులపై నున్నది. నమోదైన పునశ్శుద్ధివారికే దానిని చేర్పవలెను.

క్రొత్తది కొనబోవువారికి ఒక మాట. కంది విత్తనపు సంచి కొనునపుడు రైతు దానిపై గడువు తేదీ చూడక డబ్బీయడు. పదివేలు పోసి ట్యాబ్ కొనునపుడు మాత్రము తెర యెంత, కెమెరా యెట్టిది అని యడుగును. అప్‌డేట్లు ఏ సంవత్సరము వరకు వచ్చునని యడుగడు. అడిగినచో అంగడివాడు తెల్లబోవచ్చును, అయినను అడుగవలెను. బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుండి ఆ గడువును ప్రకటించుట చట్టప్రకారము తప్పనిసరి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి ఫోనులకును ట్యాబులకును, ఆ నమూనా అమ్మకము ముగిసిన తరువాత కనీసము ఐదేండ్లు అప్‌డేట్లు అందింపవలెనను నియమము వచ్చినది. భారతదేశమున 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలును తెరచిరి. మరమ్మతు వివరములు అచట దొరకును. అక్కడి కొనుగోలుదారునకు లభించిన ఐదేండ్ల భరోసాను ఇక్కడి కొనుగోలుదారుడును అడుగుట న్యాయమే.

జిల్లాల పునర్విభజనకు ముందు అచ్చైన పటము గ్రంథాలయ గోడపై నున్నచో అందు దౌల్తాబాదు మహబూబ్‌నగరు జిల్లాలో కనబడును. ఆ పటమును ఎవరును చింపివేయరు. మూలనున్న అచ్చు సంవత్సరమును చూచి చదువుకొందురు. దానముగా వచ్చిన ట్యాబునకు గూడ అట్టి తేదీ యొకటి కనబడుచుండవలెను. పుస్తకముల చేరిక రిజిస్టరులో వరుససంఖ్య, గ్రంథకర్త, వెల అను గళ్ళుండును. ట్యాబునకు అదే రిజిస్టరులో నాలుగు గళ్ళు చాలును: వచ్చిన దినము, ఆండ్రాయిడ్ సంఖ్య, కడపటి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, నింపిన పుస్తకముల పట్టిక యున్న పుట. యంత్రము వెనుక ఒక కాగితము అతికించి, పెద్ద అక్షరములతో "చదువుటకు మాత్రమే. ఇందులో డబ్బు లావాదేవీలు చేయరాదు. పాస్‌వర్డు కొట్టరాదు" అని వ్రాసి, దాని క్రింద గ్రంథాలయ ముద్ర వేయవలెను.